తిత్తిలో మిగిలిన ఊపిరి

పొద్దున్న లేవగానే సెవ్దా చేసే మొదటి పని పొయ్యి రాజెయ్యడం. రెండోది, గోడకి వేలాడే గైదా మీద రాత్రి కప్పిన ఉన్ని దుప్పటి తీసి మడతపెట్టడం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. కొండ టీ కాగుతుండగా గోడవైపు చూసి, "చలేసిందా?" అని అడిగేది. గైదా తిత్తి మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గేది. వెయ్యలేదని అర్థం. వేసి ఉంటే చివర్లో చిన్న గురకలాంటి చప్పుడొచ్చేది. అప్పుడు పొయ్యిలో ఇంకో కట్టె దూర్చేది.

మేకతోలు తిత్తికి ఊదడానికి ఒక గొట్టం, వేళ్ళు ఆడించడానికి ఒక పిల్లనగ్రోవి, ఎప్పుడూ ఒకే స్వరం పట్టి ఉంచడానికి ఒక పొడుగాటి గొట్టం. గైదా అంటే అంతే. రొదొపీ కొండల్లో పెళ్ళికైనా చావుకైనా అది మోగాల్సిందే. సెవ్దా భర్త మనోల్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వాయించినవాడు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుగింజల పులుసు తిని, మూతి తుడుచుకుని, గైదా చంకన పెట్టుకుని తిత్తి నిండా ఊదాడు. ఊదినవాడు వాయించకుండా, "కాస్త నడుం వాలుస్తానే" అని మంచం మీద ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. మనిషిని చర్చి వెనక పూడ్చిపెట్టారు గానీ, తిత్తిలో ఊపిరి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఊళ్ళో ఎవరూ దానికి వింతపడలేదు. ఇంటికొచ్చినవాళ్ళు టోపీ తీసి, ముందు గోడవైపు తిరిగి "ఏం మనోల్, కులాసానా?" అనేవాళ్ళు. ఆ తర్వాత సెవ్దాని పలకరించేవాళ్ళు. జనవరిలో ఇళ్ళన్నీ తిరిగి పవిత్రజలం చల్లే చర్చి ఫాదర్ ఆ తిత్తి మీద కూడా నాలుగు చుక్కలు చల్లి పోయేవాడు.

రోజూ మధ్యాహ్నం మనోల్ అక్క రూసా దిగివచ్చేది. ఆవిడకి ఎనభై దాటాయి. ఆవిడ ఉండేది వాళ్ళ నాన్న కట్టిన ఇంట్లో, సెవ్దా ఇంటికి కాస్త ఎగువన. కుడి మోకాలు మొండికేసినా నోరు మాత్రం ఎప్పుడూ మొండికెయ్యలేదు.

"నీకోసం రాలేదే. నా తమ్ముణ్ణి చూడ్డానికొచ్చాను" అని రోజూ చెప్పి మరీ కూర్చునేది.

"చూసుకో వదినా, ఎవరొద్దన్నారు? టీ మాత్రం నా పొయ్యి మీద కాగిందే" అని రోజూ అనేది సెవ్దా.

గైదా వాళ్ళ నాన్నదనీ, అది పుట్టింటికి చేరాలనీ రూసా వాదన. దాన్లో ఉన్నది నా మొగుడి ఊపిరి అని సెవ్దా సమాధానం. ఆరేళ్ళుగా ఈ తగువు తెగలేదు. తెగితే మధ్యాహ్నాలు ఎలా గడపాలో ఇద్దరికీ తెలీదు.

ఆ చలికాలం కరోనా కొండ కిందిదాకా వచ్చింది. కింది పట్నంలో ఆసుపత్రి నిండిపోయిందని చెప్పుకున్నారు. మబ్బులు లోయ నిండా పాలలా నిలిచిపోయి ఊరు వాటి మీద తేలుతున్నట్టుండేది. ఆ మబ్బు అడుగునే జరుగుతోంది అదంతా, ఇక్కడిదాకా రాదులే అనిపించేది. ఒక పొద్దున నర్సు ఇస్క్రా మూతికి గుడ్డ కట్టుకుని, ఆయాసపడుతూ ఇల్లిల్లూ తిరిగింది.

"పిన్నీ, శుక్రవారం చదువుశాల దగ్గరికి టీకా బండి వస్తోంది. నువ్వూ రావాలి" అంది.

"నాకెందుకే? ఇంకా బతకాల్సినవాళ్ళకి వెయ్యండి."

"వాళ్ళకీ వేస్తాం. కానీ ఈ జబ్బు ముందు పట్టేది మీ వయసు వాళ్ళనే."

"పడితే పట్టనీ" అంది సెవ్దా, గోడవైపు చూపించి. "ఆ మనిషి ఆరేళ్ళుగా నాకోసం మేకుకి వేలాడుతున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు వేలాడమంటావు?"

ఇస్క్రా గోడవైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు బాబాయ్" అంది గైదాతో. తిత్తి ఉబ్బింది, తగ్గింది. ఇస్క్రా పక్కింటికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా సెవ్దా ఇంట్లో చేరారు. ఆవుకి ఈత కష్టమైనా, బావి తవ్వాలన్నా మనోల్‌ని అడగడం వాళ్ళకి అలవాటే. గొర్రెలు కాసి కాసి మోకాళ్ళు అరిగిన స్తామెన్ పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"టీవీలో ఒక డాక్టరు వేయించుకోమంటాడు. ఇంకో డాక్టరు వద్దంటాడు. ఇద్దరికీ తెల్లకోటే. ఎవణ్ణి నమ్మి చావాలి?" అన్నాడు. "అయినా నా ఒంట్లో సగం రేగుపళ్ళ సారా. దాంట్లో ఏ పురుగు బతుకుతుంది?"

ఒకప్పుడు పోస్టాఫీసులో పనిచేసిన కెరానా అల్లిక ఆపి, "మన చిన్నప్పుడు బళ్ళో వరసగా నిలబెట్టి పొడిచేవాళ్ళు. వేయించుకుంటావా అని ఎవడైనా అడిగాడా? ఇప్పుడు అడుగుతున్నారు చూడు, అదీ నా అనుమానం" అంది.

"పొడిచారు కాబట్టే ఇలా కూర్చుని కబుర్లు చెప్తున్నావు" అంది రూసా.

"నీకేం భయం లేదా రూసా?" అన్నాడు స్తామెన్.

"భయం లేకపోతే సూది ఎందుకయ్యా? నాకు ఇంకా బతకాలని ఉంది. ఇన్నేళ్ళు బతికినా విసుగు పుట్టలేదు, ఏం చెయ్యను?"

చివరికి స్తామెన్ లేచి, టోపీ చేత్తో పట్టుకుని, గోడ ముందు నిలబడి అడిగాడు. "మనోల్, నువ్వు చెప్పు. టీకా వేయించుకోవాలా, వద్దా?"

తిత్తి నిండుగా ఉబ్బి, దీర్ఘంగా ఒక నిట్టూర్పు విడిచింది.

"వద్దంటున్నాడు!" అన్నాడు స్తామెన్. "వేయించుకోమన్నట్టు లేదూ?" అంది ఒకామె. "టీ కావాలా అంటేనే ఏనాడూ తిన్నగా జవాబు చెప్పినవాడు కాదు. పోయాక డాక్టరయ్యాడా?" అంది రూసా. అందరూ సెవ్దావైపు తిరిగారు. ఆ ఊపిరి భాష ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

అది భోజనమయ్యాక మనోల్ విడిచే మామూలు నిట్టూర్పు. అందులో అవుననీ లేదు, కాదనీ లేదు. ఆ సంగతి సెవ్దాకి తెలుసు. కానీ అలా చెప్తే తన సంగతి తను తేల్చుకోవాలి.

"వద్దంటున్నాడు" అంది.

అంతా లేచి వెళ్ళాక రూసా కర్ర అందుకుంది. "వాడు వద్దన్నాడు, సరే. నేను వాడి అక్కని. వాడి మాట ఏనాడు విన్నాను గనక? శుక్రవారం నన్ను కిందిదాకా దింపు. దారంతా మంచు గడ్డకట్టింది."

"ఆయన వద్దన్న చోటికి నేను రాను వదినా."

"నిన్ను పొడిపించుకోమన్నానా? భుజం ఇమ్మన్నాను."

"రాను."

రూసా ఆమె మొహంలోకి చూసింది. నాలుక చివర ఏదో మాట ఆడింది గానీ అనలేదు. శుక్రవారం ఒక్కతే బయల్దేరింది. నీటితొట్టి దగ్గర కాలు జారి పడింది. లేచి కూర్చుని, మోకాలు పట్టుకుని, మళ్ళీ నిలబడేసరికి టీకా బండి కొండ మలుపు తిరిగి మబ్బులోకి దిగిపోతూ కనిపించింది. ఈడ్చుకుంటూ ఆవిడ తిరిగి ఎక్కి రావడం సెవ్దా కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రం తిత్తి ఉబ్బడం, తగ్గడం తప్ప ఒక్క చప్పుడూ చెయ్యలేదు. దుప్పటి కప్పేటప్పుడు కూడా పలకలేదు.

నెల తిరక్కుండానే స్తామెన్ పట్నంలో ఎవరిదో చావుకి వెళ్ళొచ్చి జ్వరంతో పడ్డాడు. ఒంటరివాడు, గంజి కాచి ఇచ్చే దిక్కు లేదని రూసా గిన్నెలో చిక్కుడుపులుసు పోసుకుని కుంటుకుంటూ వెళ్ళింది, రెండు మూడు సార్లు. స్తామెన్‌ని పట్నం తీసుకెళ్ళారు. అటునుంచి మూసిన పెట్టె వచ్చింది. స్తామెన్‌లాగే టీకా వేయించుకోని కెరానాకి ఏమీ కాలేదు, కనీసం తుమ్మలేదు. ఎవరికి ఎందుకు వస్తుందో, ఎవర్ని ఎందుకు వదిలేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. రూసా మంచాన పడింది.

ఆ రోజు పొద్దుటినుంచీ మంచు. మబ్బు లోయలోంచి లేచి గుమ్మాల దాకా వచ్చేసింది. కంచెలు, చెట్లు, గొర్రెల మెడ గంటల చప్పుడు, అన్నీ దూదిలో చుట్టినట్టయ్యాయి. ఇస్క్రా నడుచుకుంటూ రూసా ఇంటికి ఎక్కింది. తెచ్చిన చిన్న ఆక్సిజన్ సీసా మధ్యాహ్నానికే ఖాళీ అయింది. అంబులెన్సు మలుపు దగ్గర మంచులో చిక్కుకుందనీ, దారి తవ్వుతున్నారనీ, చీకటిపడే లోపు వస్తామనీ ఫోన్లో చెప్పారు.

సెవ్దా మూతికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. రూసా తలగడలకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఒక్కో ఊపిరికీ భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి. మరదల్ని చూసి ఏదో అనబోయింది. రాలేదు. ఆ నోట మాట రాకపోవడం సెవ్దా ఈ ఇంటికి కోడలై వచ్చాక ఎప్పుడూ చూడలేదు. అప్పుడు మొదటిసారి ఆమెకి భయం వేసింది.

"చీకటిదాకా ఆగుతుందా?" అని అడిగింది.

ఇస్క్రా తల వంచుకుని, "ఆగదు పిన్నీ. ఊపిరితిత్తులు నిండిపోయాయి" అంది.

సెవ్దా ఇంటికి వచ్చింది. బూట్లు విప్పకుండానే లోపలికి నడిచి గోడ ముందు నిలబడింది. ఉప్పు ఎక్కడ పెట్టానా అని కూడా ఆ తిత్తినే అడిగే మనిషి, ఈసారి ఏమీ అడగలేదు. అడిగితే తను వినాలనుకున్నదే వినిపిస్తుందని ఆమెకి తెలుసు. మేకు మీంచి గైదా దించి, ఉన్ని దుప్పటిలో చుట్టి, కోటు గుండీలు విప్పి గుండెకి అదుముకుంది. బయట మంచు కళ్ళలో కొడుతోంది. ఆ కొద్ది దూరం నడిచినంతసేపూ తిత్తి ఆమె పక్కటెముకల మీద ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది. ఒకచోట ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఈ చప్పుడు నాదే, చచ్చేదాకా నాదే అనుకుంది. అనుకుని, మళ్ళీ నడిచింది.

ఇస్క్రా పక్కకి జరిగింది. సెవ్దా మంచం మీద కూర్చుని, పిల్లనగ్రోవి ఊడబెరికి, ఆ కంతకి బొటనవేలు అడ్డం పెట్టింది. తిత్తిని చంకన ఇరికించుకుంది. నలభై ఏళ్ళు ఆయన పట్టుకోగా చూసినట్టే పట్టుకుంది. కంతని రూసా పెదాల మధ్య పెట్టి వేలు తీసింది. మోచేత్తో మెల్లగా నొక్కింది.

పాట లేదు, చప్పుడు లేదు. గదిలో పొగాకు వాసన, రేగుపళ్ళ సారా వాసన, ఆరేళ్ళ కిందటి ఆదివారం పులుసులో వేసిన పుదీనా వాసన నిండాయి. రూసా రొమ్ము లేచింది. ఇంకా లేచింది. సెవ్దా ఎక్కడా ఆపలేదు, ఇంత నాకుండనీ అని మిగుల్చుకోలేదు. తోలు తోలుకి అంటుకుపోయేదాకా నొక్కింది. నేరేడు రంగు పోయి పెదాలు ఎర్రబడ్డాయి. రూసా కళ్ళు మూసుకుని, పళ్ళ సందుల్లోంచి సన్నగా ఈల వచ్చేట్టు ఊపిరి వదిలింది. మనోల్ అలాగే వదిలేవాడు.

దీపాలు పెట్టే వేళకి అంబులెన్సు వచ్చి ఆవిడని తీసుకుపోయింది.

ఆ తర్వాత వారాలు సెవ్దాకి నిద్రలో నడిచినట్టు గడిచాయి. పొద్దున్నే గైదా మీద దుప్పటి తీసి మడతపెట్టేది. చలేసిందా అని అడగబోయి ఆగిపోయేది. కెరానా సూప్ గిన్నె పట్టుకుని వచ్చి, అలవాటుగా గోడవైపు తిరిగి, చదునుగా వేలాడుతున్న తోలు చూసి, గిన్నె బల్ల మీద పెట్టింది. ఇంట్లో గడియారం చప్పుడు పెద్దదైంది. పొయ్యి చప్పుడు పెద్దదైంది. ఇన్నాళ్ళూ పోవాలి, పోవాలి అని తొందరపడ్డది ఆ గోడ దగ్గరికేనని ఇప్పుడు తెలిసింది. ఎదురుచూసే మనిషి అక్కడ లేడు. కింద పట్నంలో, ఎవరినీ రానివ్వని గదిలో, అక్క రొమ్ములో ఉన్నాడు.

రోజూ ఇస్క్రాకి ఫోన్ చేసేది.

"వదినకి ఎలా ఉందే?"

"మిషను తీసేశారు పిన్నీ. సొంతంగా పీలుస్తోంది."

"చప్పుడు ఎలా ఉందట?"

"చప్పుడేంటి పిన్నీ?"

"ఏం లేదులే" అని పెట్టేసేది.

పళ్ళచెట్లు తెల్లగా పూసినప్పుడు రూసా ఇంటికొచ్చింది. సగానికి సగం అయిపోయింది. ఇస్క్రా ఊరంతటికీ గట్టిగా చెప్పింది. రూసాకి ఇంకో దెబ్బ తగిలితే తట్టుకోలేదు, టీకా వేయించుకోనివాళ్ళెవరూ గేటు దాటకూడదు. కెరానా కోపం తెచ్చుకుని ఇంట్లో కూర్చుంది. సెవ్దా మాత్రం రోజూ మధ్యాహ్నం కొండెక్కి వెళ్ళి కంచె బయట నిలబడేది. పెళ్ళికి ముందు మనోల్ ఆమె పుట్టింటి కంచె దగ్గర అలాగే పడిగాపులు పడేవాడు, చంకలో గైదాతో.

రూసా వరండాలో దుప్పట్లు కప్పుకుని కూర్చుని అక్కణ్ణుంచే కేకేసేది. "ఏమే, నీ మొగుడు నన్ను బతకనివ్వట్లేదే! తెల్లారకుండానే సారా కావాలనిపిస్తోంది. పుట్టి బుద్ధెరిగి నేను తాగానా? పైగా ఈల! ఉన్న నాలుగు పళ్ళ సందుల్లోంచి ఒకటే ఈల!"

"ఏదీ, ఇప్పుడు వెయ్యి వదినా!"

"అడిగితే వస్తుందటే? నిద్రలో వస్తుంది."

రూసా అలా మాట్లాడుతూనే కునుకు తీసేది. సెవ్దా కంచె కర్రలు పట్టుకుని, చెవి అటు తిప్పి, ఊపిరి బిగబట్టి వినేది. గాలి, తేనెటీగలు, లోయలో ఎవరిదో రంపం చప్పుడు. అంతే. ఆ ఈల మాత్రం వరండా మెట్ల దగ్గరే ఆగిపోయేది. దుప్పటి లేవడం, దిగడం కనిపించేది. చూపుకి అందేది, చెవికి అందేది కాదు.

టీకా బండి మళ్ళీ వచ్చింది. చదువుశాల ముందు ఏడెనిమిది మంది నిలబడ్డారు. మంచి కోటు వేసుకుని, తలకి పువ్వుల రుమాలు కట్టుకుని వచ్చిన సెవ్దాని చూసి ఇస్క్రా చేతిలో దూది కింద పడేసింది.

"పిన్నీ! నిజంగానే వేయించుకుంటావా? మరి బాబాయ్ వద్దన్నాడన్నావుగా?"

"కంచె అవతల్నించి వినపడటం లేదే" అంది సెవ్దా చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

ఇస్క్రా కొత్త దూది తీసి, చెయ్యి తుడిచి సూది గుచ్చింది. ఏ ఊళ్ళో ఎంతమందికి సూది వేసిందో గానీ ఇంత తేలిగ్గా అర్థమైన కారణం ఇంకొకటి లేదు ఆమెకి.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది సెవ్దా.

"ఇంతే. మళ్ళీ ఇంకొకటి వేస్తాను. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగాలి."

"ఆగుతాలే. ఆగడం నాకు కొత్తా?"

ఆ రాత్రి చెయ్యి సలిపింది, కాస్త జ్వరం తగిలింది. తిట్టుకుంటూ టీ కాచుకు తాగింది. రెండోది వేయించుకుంది. మిగిలిన రోజులూ కంచె దగ్గరే నిలబడింది. గడ్డి మోకాలెత్తు పెరిగిన ఒక మధ్యాహ్నం, ఇస్క్రా సరేనన్నాక, గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. టీ కూజా పట్టుకెళ్ళింది. ఖాళీ గైదా కూడా పట్టుకెళ్ళి రూసా ఒళ్ళో పెట్టింది.

"మీ నాన్నది. తీసుకో."

రూసా ఆ ముడతల తోలు నిమిరింది. "ఇన్నేళ్ళు పీకి పీకి అడిగితే ఇవ్వలేదు. ఉత్త తోలయ్యాక తెచ్చావా?" అంది. కానీ గొంతులో పస లేదు. కాసేపయ్యాక తనే అంది, "చిక్కుడుగింజలు తిన్నాక వాడు అలాగే నిట్టూరుస్తాడే. చిన్నప్పట్నుంచీ అంతే, ఎత్తుకు పెంచినదాన్ని, నాకు తెలీదా? నువ్వు అబద్ధం చెప్పావని ఆ రోజే తెలుసు."

సెవ్దా కప్పులో టీ పోసి ఆవిడ చేతికిచ్చి, కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది. ఇంకా దగ్గరకి లాక్కుంది. మెడ వంచి, చెవి తీసుకెళ్ళి రూసా రొమ్మున ఆనించింది. ఎనభై దాటిన ఎముకల వెనక, ఉన్ని చొక్కా వెనక, ఊపిరి లోపలికి పోయే ముందు ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి పోయి, కాస్త విశ్రాంతి తీసుకుని, సన్నటి ఈలతో బయటికొచ్చింది. మళ్ళీ పోయింది. సెవ్దా కళ్ళు మూసుకుంది.

"ఏం చేస్తున్నావే? ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అంది రూసా.

"నువ్వు నాకంటే ముందు పోకూడదు వదినా."

"బాగుందే! నీకంటే పదకొండేళ్ళు పెద్దదాన్ని."

"అయితే నేను తర్వాత పోతాను. నువ్వున్నంతకాలం ఉంటాను. ఇంకో సూదంటే ఇంకో సూది."

"నన్నెన్నాళ్ళు బతకమంటావే అసలు? వందా? నూటపదా? నా మోకాలికి చెప్పావా ఈ మాట? చలికాలానికి కట్టెలు ఎవరు కొడతారు? పైగా నీ మొగుడికి పొద్దున్నే సారా ఎవరు పొయ్యాలి? నేనైతే..."

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో" అంది సెవ్దా.

రూసా తన జన్మలో మొదటిసారి మరదలి మాట వింది.